90.1 దగ్గర ఆగిపోయాను

ముందు ఈ కథ వినండి, మిగతా సంగతులు తర్వాత.

న్యూయార్క్‌లో ఒకాయన సోషల్ వర్కర్. వయసు 31. రోజూ పని అయ్యాక సబ్‌వే ఎక్కి, తన స్టేషన్ ఇంకొకటి ఉందనగానే బ్రాంక్స్‌లో దిగిపోతాడు. అక్కడ ఆయనకి ఇష్టమైన చిన్న హోటల్ ఒకటి ఉంది. రాత్రి భోజనం అక్కడే. ఒక రాత్రి దిగేసరికి ప్లాట్‌ఫాం మీద దాదాపు ఎవరూ లేరు. మెట్ల వైపు నడుస్తుంటే ఒక కుర్రాడు ఎదురొచ్చి కత్తి తీశాడు. ఈయన మారుమాట్లాడకుండా పర్సు ఇచ్చేశాడు. వాడు వెళ్లిపోతుంటే వెనక నుంచి పిలిచాడు. ఒకటి మర్చిపోయావు, రాత్రంతా ఇలా జనాన్ని దోచుకుంటూ తిరిగేట్టయితే చలేస్తుంది, ఈ కోటు కూడా తీసుకుపో అన్నాడు!

కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. ఎందుకిలా చేస్తున్నావని అడిగాడు. కాసిని డాలర్ల కోసం జైలుకి పోవడానికైనా సిద్ధపడ్డావంటే నీకు డబ్బు ఎంత అవసరమో తెలుస్తూనే ఉంది, నేను భోజనానికే వెళ్తున్నా, నువ్వూ రా అన్నాడు ఈయన. వాడు వెళ్లాడు. ఇద్దరూ కూర్చున్నారు. హోటల్ మేనేజరు వచ్చి పలకరించాడు. వడ్డించేవాళ్లు పలకరించారు. గిన్నెలు కడిగేవాళ్లు కూడా వచ్చి పలకరించి వెళ్లారు. ఈ హోటల్ నీదా అన్నాడు కుర్రాడు. కాదు, తరచూ వచ్చి తింటుంటా, అంతే. మరి గిన్నెలు కడిగేవాళ్లతో కూడా అంత మంచిగా ఉంటున్నావే? అందరితో మంచిగా ఉండాలని నీకెవరూ చెప్పలేదా? చెప్పారు గానీ, నిజంగా అలా ఉండేవాళ్లు ఉంటారనుకోలేదు.

కారు రేడియోలో వింటున్న నేను, ఆ మాట దగ్గర కారు పక్కకి తీసి ఆపేశాను.

బిల్లు వచ్చింది. నా డబ్బంతా నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వే కట్టాలి, పర్సు ఇచ్చావంటే మాత్రం సంతోషంగా నేనే కడతా అన్నాడు ఈయన. వాడు ఆలోచించకుండా పర్సు తీసి ఇచ్చేశాడు. ఈయన వాడి చేతిలో 20 డాలర్లు పెట్టి, బదులుగా ఒకటి అడిగాడు. ఆ కత్తి. అదీ ఇచ్చేశాడు. తర్వాత ఈ సంగతి చెబితే ఆయన తల్లి ఏమందో తెలుసా? ఎవరైనా టైమెంతయిందని అడిగితే వాచీ విప్పి ఇచ్చేసే రకంరా నువ్వు అందట.

మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. 2008లో మొదటిసారి వచ్చిన కథ, నా చెవిన ఇప్పుడు పడింది. జరిగింది ఆయనకే, చెప్పిందీ ఆయనే. ఆ గొంతులో గొప్పలు పోవడం లేదు, నీతులు చెప్పడం లేదు. మా ఇంటి ముందు కారు ఆపాక కూడా దిగలేక, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. వెంటనే ఎవరికైనా చెప్పకపోతే నిలవలేననిపించింది. సత్తెనపల్లిలో అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి భోజనాలయి, పడుకోబోయే వేళ. మొత్తం ఊపిరి బిగబట్టి విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఏం తిన్నాడే ఆ పిల్లాడు?"

"అది చెప్పలేదమ్మా."

"అడగొద్దూ వాళ్లు? ఎన్నాళ్ల ఆకలో ఏమో."

మా పాత కారుకి ఫోన్ కలవదు. పాపని స్కూల్లో దింపి వచ్చేటప్పుడు రేడియోనే తోడు. పాటల స్టేషన్లు దాటుకుంటూ అంకెలు తగ్గించుకుంటూ పోతే 90.1 తగిలింది. డాలస్‌లోని కేఈఆర్ఏ. ఈ దేశంలో ఎఫ్ఎం బ్యాండులో 88 నుంచి 92 దాకా ఉన్న ముక్కని వ్యాపారంతో పనిలేని స్టేషన్ల కోసమే అట్టేపెట్టారట! శాన్ ఫ్రాన్సిస్కోలో కేక్యూఈడీ 88.5, ఆస్టిన్‌లో కేయూటీ 90.5. అమెరికాలో మీరు ఏ ఊళ్లో ఉన్నా అటువైపు ఓసారి తిప్పి చూడండి. కార్లు, పరుపులు అమ్మే కేకలు ఉండవు. సాయం చేసిన సంస్థల పేర్లు నెమ్మదిగా చదివి ఊరుకుంటారు. ఆ తర్వాత మనుషులు మాట్లాడతారు. ఒకరి మాటకి ఇంకొకరు అడ్డం రారు. నాకైతే అన్నిటికంటే అదే ఎక్కువ నచ్చింది.

కత్తి కథ స్టోరీకోర్ అనే సంస్థ రికార్డు చేసింది. డేవ్ ఐసే అనే రేడియో నిర్మాత 2003లో మొదలుపెట్టాడు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో, అంత జనం మధ్య, శబ్దం చొరబడని చిన్న గది కట్టించాడు. లోపల రెండు మైకులు. ఎవరైనా సరే తమకి కావలసిన మనిషిని వెంటబెట్టుకుని వచ్చి కూర్చునే వీలుండేది. తల్లీ కూతురూ, మొగుడూ పెళ్లాం, ఇద్దరు స్నేహితులు. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు. 40 నిమిషాలు. రికార్డింగు ఒక ప్రతి వాళ్లకి, వాళ్లు సరేనంటే ఇంకో ప్రతి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి. అధ్యక్షుల కాగితాలు దాచిన చోటే బస్సు డ్రైవరు గొంతు, నర్సు గొంతు! వాటిలోంచి ఏరి, కుదించిన ముక్కలు శుక్రవారం ఉదయాల్లో రేడియోలో వస్తాయి. బాగా దగ్గరగా వినండి. జవాబు చెప్పబోయే ముందు ఒక మనిషి గొంతు సవరించుకోవడం, కుర్చీ కిర్రుమనడం, ఏడుపు ఆపుకోవడానికి గుటక వేయడం, అన్నీ వినిపిస్తాయి. వాటిని కత్తిరించరు.

రంగుల సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. న్యూయార్క్ డబ్ల్యూఎన్‌వైసీ స్టేషన్ నుంచి వచ్చే రేడియోల్యాబ్ అనే కార్యక్రమం, 2012లో రంగుల మీద ఒక గంట చేసింది. జాద్ అబుమ్రాద్, రాబర్ట్ క్రుల్విచ్ అప్పుడు దాని యాంకర్లు. కుక్క కంటిలో రంగుని పట్టే కణాలు రెండు రకాలు, మనిషికి మూడు, కొన్ని సీతాకోకచిలుకలకి ఇంకా ఎక్కువ, సముద్రంలో ఉండే మాంటిస్ ష్రింప్ అనే రొయ్యలాంటి జీవికి కాంతిని పట్టే కణాలు పదహారు రకాల దాకా. సరే, పాఠ్యపుస్తకంలో ఇది ఒక పట్టిక. రేడియోలో బొమ్మ చూపలేరు కదా, ఏం చేశారో తెలుసా? ఒక గాయక బృందాన్ని పిలిచారు! ఒక్కో రంగుకి కొన్ని గొంతులు. అదే ఇంద్రధనుస్సు కుక్కకి ఎలా కనిపిస్తుందంటే, కొద్ది గొంతులు మాత్రమే లేచాయి. మనిషి వంతు వచ్చేసరికి మరికొన్ని చేరి పాట నిండింది. ఇంతేగా ఉన్నది అనుకుంటామా, సీతాకోకచిలుక వచ్చేసరికి మనకి లేని గొంతులు పైన తోడయ్యాయి. మాంటిస్ ష్రింప్ దగ్గర బృందం మొత్తం ఒక్కసారి గొంతెత్తింది. నా ఒళ్లు జలదరించింది. కళ్లకి అందని దాన్ని చెవికి అందించారు, ఎంత ఊహ అది!

మా పాపకి అది సాయంత్రం మళ్లీ వినిపించాను. నోరు తెరుచుకుని విని, కుక్క పాట ఒకసారి, మనిషి పాట ఒకసారి, రొయ్య పాట అరుస్తూ మరోసారి పాడింది. పక్కింటివాళ్ల కుక్క దగ్గరికెళ్లి, ఆకాశం వైపు చూపించి, "నీకు ఇంతే వినపడుద్దంట" అని దానికి కూడా చెప్పి వచ్చింది. తర్వాత నేనే తవ్వి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. 2014లో శాస్త్రవేత్తలు పరీక్ష పెట్టి చూశారు. అన్ని రకాల కణాలున్నా, దగ్గర దగ్గర రంగుల తేడా పట్టడంలో ఆ జీవి మనకంటే వెనకబడిందట. దాని కన్ను పనిచేసే పద్ధతే వేరు. పాపకి అదీ చెప్పాను. రొయ్య పాట మాత్రం మార్చనంది.

ఇక టీ-షర్టు. మీరు ఇప్పుడు వేసుకున్న టీ-షర్టు ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ప్లానెట్ మనీ అనే ఆర్థిక విషయాల రేడియో బృందం 2013లో తామే ఒక టీ-షర్టు తయారుచేయించి, దానివెంట ప్రపంచమంతా తిరిగింది. దూది మిసిసిపీలో పండింది. దారం ఇండోనేషియాలో వడికారు. మగవాళ్ల షర్టులు బంగ్లాదేశ్‌లో, ఆడవాళ్లవి కొలంబియాలో కుట్టారు. బంగ్లాదేశ్‌లో ఆ పనిచేసే ఇద్దరు అక్కాచెల్లెళ్ల జీవితం మన కళ్లముందు పెట్టారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా కుట్టుపని కార్మికులు చనిపోయారు. ఆ నేపథ్యంలో కుట్టుమిషన్ల చప్పుడు వింటుంటే గుండె బరువెక్కుతుంది. కథ అక్కడితో ఆగదు. అమెరికాలో మనం విడిచేసిన టీ-షర్టులు మూటలకెక్కి కెన్యా చేరి, నైరోబీ సంతలో మళ్లీ అమ్ముడుపోతాయి!

దీన్ని అమ్మకి చెప్పకుండా ఎలా ఉంటాను? పత్తి చేలల్లో పెరిగిన మనిషి. మిసిసిపీలో కూలీలు లేకుండా ఒక యంత్రమే చేనంతా ఏరి, గుండ్రటి పెద్ద మోపులు చుట్టి దించుతుందని చెప్పేసరికి నా మాట మధ్యలోనే ఆపేసింది.

"కాయలన్నీ ఒక్కసారే పగలవు గదే. మనం నాలుగైదు సార్లు ఏరతాం. ఆ మిషను ఒక్కపాలి ఎట్టా ఏరుద్ది?"

నా దగ్గర జవాబు లేదు. వెతికి పట్టుకున్నాను. కోతకి ముందు ఆకంతా రాలిపోయేలా, మిగిలిన కాయలు విచ్చుకునేలా చేనుకి మందు కొడతారు. అప్పుడు మోళ్ల మీద తెల్లటి పత్తి తప్ప ఏమీ మిగలదు, యంత్రం ఒక్క దఫాలో లాగేస్తుంది. మర్నాడు ఫోన్ చేసి చెప్తే, "అమ్మో, ఆకు రాలగొడతారా" అని కాసేపు మాట్లాడలేదు. ఆ రేడియో వాళ్లు చెప్పింది నేను అమ్మకి మోశాను, అమ్మ ప్రశ్నతో కథ ఇంకాస్త లోతుకి పోయింది. నేను ఒక్కదాన్నే విని ఊరుకుంటే ఆ మందు సంగతి నాకు ఈ జన్మకి తెలిసేది కాదు.

మొన్న మా కాలనీలో తలా ఒక వంట తెచ్చుకుని చేసుకున్న భోజనాల్లో గ్రిల్లు కథ చెప్పాను. కిచెన్ సిస్టర్స్ అని పేరు పెట్టుకున్న ఇద్దరు రేడియో నిర్మాతలున్నారు, డేవియా నెల్సన్, నిక్కీ సిల్వా. వాళ్లు 2004లో ఎవరికీ కనపడని వంటిళ్ల మీద వరసగా కథలు చేశారు. అందులో ఒకటి జార్జ్ ఫోర్‌మన్ గ్రిల్లు గురించి. టీవీలో తెగ ప్రచారం చేసి అమ్మిన చిన్న కరెంటు గ్రిల్లు అది. పొయ్యి పెట్టుకోవడానికి వీల్లేని అద్దెగదుల్లో ఉండే వలస కూలీలు, అసలు ఇల్లే లేనివాళ్లు, ఎక్కడ ప్లగ్గు దొరికితే అక్కడ దాన్ని పెట్టుకుని వండుకు తింటున్నారట! దాన్ని కొనేది సొంత వంటిల్లున్న వాళ్లేననుకుంటాం కదా. ఆ కథలో ఫోర్‌మన్ కూడా మాట్లాడతాడు. హ్యూస్టన్‌లో ఆకలితో పెరిగిన పిల్లాడు, తర్వాత హెవీవెయిట్ ఛాంపియన్. తన చిన్ననాటి ఆకలి గురించి ఆయన చెబుతుంటే, ప్రకటనల్లో నవ్వే మనిషి వెనక ఇంకో మనిషి కనిపిస్తాడు.

నేను ముగించీ ముగించకముందే మావారి స్నేహితుడొకతను అందుకున్నాడు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సులు నేర్చుకునే రోజుల్లో, గదిలో వంట చేస్తే బయటికి గెంటేస్తామనేవాళ్లట. కరెంటు కెటిల్‌లోనే గుడ్లు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, అందులోనే మ్యాగీ, కడిగి మళ్లీ అందులోనే టీ. వార్డెన్ మెట్లెక్కే చప్పుడు వినపడితే కెటిల్ మీద తువ్వాలు కప్పేవాళ్లట. ఇంకొక అక్క, పెళ్లయిన కొత్తలో మోటెల్ గదిలో నెలల తరబడి రైస్ కుక్కర్‌లోనే పప్పూ కూరా చేసిన సంగతి చెప్పింది. ఆవిడ భర్తకి అప్పుడు ప్రాజెక్టు ఊరూరా మారేది. ఇన్నేళ్ల పరిచయంలో ఆవిడ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రాత్రి భోజనాలు చల్లారిపోయాయి గానీ ఎవరూ లేవలేదు.

ఇంత మంచి రేడియో ఎలా పుట్టిందా అని చదివితే అదీ ఒక కథే. 1967లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రజా ప్రసారాల చట్టం మీద సంతకం పెట్టాడు. అందరి ధ్యాస టెలివిజన్ మీదే, రేడియోని పట్టుబట్టి చేర్చారు. 1970లో నేషనల్ పబ్లిక్ రేడియో ఏర్పడింది. 1971 మే 3న ఆల్ థింగ్స్ కన్సిడర్డ్ అనే సాయంత్రం కార్యక్రమం తొలిసారి వచ్చింది. ఆ రోజు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వాషింగ్టన్ వీధులు అట్టుడుకుతున్నాయి, వేలమందిని అరెస్టు చేశారు. రేడియోవాళ్లు టేపు రికార్డర్లు భుజాన వేసుకుని ఆ గుంపుల్లోకే వెళ్లారు. అదే రోజు, అదే కార్యక్రమంలో, అయోవాలో ఒక మంగలి షాపు కథ కూడా ఉంది! మగాళ్లంతా జుట్టు పెంచుకోవడం మొదలుపెట్టేసరికి గిరాకీ పడిపోయి, ఆ షాపువాళ్లు ఆడవాళ్ల కాళ్లకి షేవింగ్ చేసే పని పెట్టుకున్నారట. దేశం మండుతున్న రోజున కూడా ఒక ఊరి మంగలి బతుకు వినదగ్గదే అనుకున్నారు చూడండి, వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. మరుసటి ఏడాది సుసాన్ స్టాంబర్గ్ ఆ కార్యక్రమానికి యాంకరయింది. దేశమంతటా వినిపించే సాయంత్రం వార్తల కార్యక్రమానికి ఒక ఆడమనిషి యాంకర్ కావడం ఈ దేశంలో అదే మొదలు. ఆవిడ ఏటా థాంక్స్‌గివింగ్ పండగ ముందు, తన అత్తగారు చేసే క్రాన్‌బెర్రీ పచ్చడి ఎలా చేయాలో రేడియోలో చెప్పేది. ఉల్లిపాయ, పుల్లటి క్రీము, ఘాటుగా హార్స్‌రాడిష్. అత్తగారి వంట దేశానికంతటికీ చెప్పిన కోడలు!

అలాంటి రేడియోకి కష్టం వచ్చింది. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకి ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. పెద్ద ఊళ్ల స్టేషన్లు వినేవాళ్ల చందాలతో ఎలాగో నెట్టుకొస్తాయి. అలాస్కాలో, పల్లెల్లో ఉండే చిన్న స్టేషన్ల సంగతి తలుచుకుంటే దిగులేస్తుంది. అక్కడ తుపాను హెచ్చరికకి కూడా ఆ రేడియోనే ఆధారం. నేను కేఈఆర్ఏకి నెలనెలా చందా కడుతున్నాను. మీరు వింటుంటే మీరూ కట్టండి.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే, ఆకాశవాణి ఎప్పటి నుంచో ఉంది. అమ్మ ఆదివారం మధ్యాహ్నాలు విజయవాడ కేంద్రం నాటకాలు విని పెరిగిన మనిషే. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులోని సంఘం రేడియో. 2008లో మొదలైంది. నడిపేది దళిత మహిళలు. వాళ్లే రికార్డు చేస్తారు, వాళ్లే కూర్చి ప్రసారం చేస్తారు. కొర్రలు, సజ్జల విత్తనాల ముచ్చట్లు, పాటలు, ఊరి మందుల సంగతులు, అంతా వాళ్ల యాసలో. ఈసారి ఇండియా వెళ్తే అక్కడికి వెళ్లి తీరాలి.

ఈలోగా ఇంట్లో ఒక పని మొదలుపెట్టాను. స్టోరీకోర్ వాళ్లది ఒక యాప్ ఉంది, గది దాకా వెళ్లక్కర్లేదు, ఫోన్‌లోనే రికార్డు చేసుకోవచ్చు. మా మామయ్యగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఉద్యోగంలో చేరిన కొత్తలో బిట్రగుంట లోకో షెడ్డులో పనిచేశారు. మాతో ఉండటానికి వచ్చారు కదా అని అడిగాను.

"నా దగ్గరేముందమ్మా చెప్పడానికి?"

"బొగ్గు ఇంజన్ గురించి చెప్పండి మామయ్యగారూ."

కిటికీలు మూసి, ఫ్రిజ్ కూడా కాసేపు ఆపేసి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. బొగ్గు పార ఎలా తిప్పాలో, మంట ఒకచోట ఎర్రబడి ఒకచోట నల్లబడితే డ్రైవరు ఎలా తిట్టేవాడో, రాత్రి డ్యూటీ దిగాక ఒళ్లంతా మసితో ఇంటికొస్తే అత్తయ్యగారు గుమ్మంలోనే వేణ్నీళ్ల బకెట్టు పెట్టి ఉంచడం, అన్నీ చెప్పారు. మావారు ఎప్పుడూ వినలేదట ఇవి. సొంత కొడుకు! పాప వెనక కుర్చీలో కూర్చుని, ఇంజన్ కూత ఎలా ఉండేదో చేసి చూపించమంది. చేశారు. రికార్డులో ఉంది.

మీరు మొదలుపెట్టాలంటే ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఇండియా నుంచైనా వినొచ్చు. ముందు రేడియోల్యాబ్ రంగుల ఎపిసోడ్, హెడ్‌ఫోన్స్ తప్పకుండా పెట్టుకోండి. తర్వాత స్టోరీకోర్, పొట్టివి కాబట్టి కూరగాయలు తరుగుతూ వినొచ్చు, ఉల్లిపాయలు మాత్రం వద్దు, కన్నీళ్లు దేనివో తెలియవు. టీ-షర్టు కథకి వీడియోలు కూడా ఉన్నాయి గానీ అవి తర్వాత చూడండి, ముందు వినండి. విన్న రోజే ఎవరికో ఒకరికి చెప్పండి, వాళ్లు ఏం అడిగారో నాకు రాయండి.